ప్రాథమిక తరగతుల్లో సంగీతం ఎలా నేర్పాలి: అందరి గొంతూ కలిసేలా

సంగీతం పీరియడ్ మీకు అప్పగించారనుకోండి. కచేరీ చేసేంత విద్య మీకు లేదు, హార్మోనియం మీద వేళ్లు పరుగెత్తవు, ఎదురుగా నలభై మంది పిల్లలు. టెన్షన్ పడకండి. ఆరేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లలకు పాట నేర్పడానికి విద్వాంసులే రానక్కర్లేదు. లయ తప్పకుండా చప్పట్లు వేయగలగాలి, పది చిన్న పాటలు పుస్తకం చూడకుండా పాడగలగాలి, పిల్లలు పాడుతున్నప్పుడు తాను ఆగి వినగలగాలి. ఈ మూడోదే కష్టం, దాని సంగతి మళ్లీ మళ్లీ వస్తుంది.

తరగతిలోకి వెళ్లకముందే ఒకటి తేల్చుకోండి. బాగా పాడే ఐదుగురిని ఏరడానికి వెళ్తున్నారా, నలభై మందితో పాడించడానికి వెళ్తున్నారా? మొదటిదైతే ఈ వ్యాసం మీకు అక్కరకు రాదు. రెండోదైతే ఈ క్షణం నుంచి “నువ్వు ఊరికే పెదాలు కదుపు, చాలు” అనే మాట మీ నోట రాకూడదు. ఏడేళ్లప్పుడు ఆ మాట విన్నవాళ్లు నలభై ఏళ్లకు కూడా నలుగురిలో పాడరు. అలాంటివాళ్లను నేను చాలామందిని చూశాను.

ముందు మీ శ్రుతి సరిచూసుకోండి

తరగతిలో పాట చెడిపోయేది చాలాసార్లు ఇక్కడే. టీచరు తన గొంతుకు హాయిగా ఉన్నచోట ఎత్తుకుంటారు. ఆడవాళ్లు సాధారణంగా ఐదో శ్రుతి (కీబోర్డు మీద ‘జి’) అటూఇటూగా పాడతారు. వాళ్ల షడ్జమం, అంటే ‘స’, కీబోర్డు నడిమధ్య ఉన్న ‘సి’ కన్నా బాగా కింద ఉంటుంది. ఆరేళ్ల పిల్లల గొంతుకు అది బావి అడుగు. అంత లోతుకు దిగలేక పిల్లలు గొణుగుతారు, లేదంటే మాట్లాడే గొంతుతోనే అరుస్తారు. అది చూసి “వీళ్లకు శ్రుతిజ్ఞానం లేదు” అనుకుంటాం. నిజానికి మనం వాళ్లను తప్పుచోట నిలబెట్టాం.

చిన్నపిల్లలకు హాయిగా అందేది మధ్య ‘సి’ పక్కనున్న ‘డి’ నుంచి పైన ‘బి’ దాకా. అంటే రెండో శ్రుతి, మధ్య స్థాయిలో. ఆ ‘డి’ని షడ్జమం చేసుకుంటే ధైవతం (‘ధ’) వరకూ ఆరు స్వరాలూ వాళ్ల గొంతులో ఇమిడిపోతాయి. ఫోన్‌లో తంబూరా యాప్ ఉంటే అక్కడ పెట్టుకోండి. మొదట్లో మీకు కాస్త పైన ఉన్నట్టు అనిపిస్తుంది, వారం రోజుల్లో అలవాటవుతుంది.

మగ టీచర్లకు ఇంకో చిక్కు ఉంది. వాళ్లు సహజంగా ఒక స్థాయి (‘స’ నుంచి పై ‘స’ అంత దూరం) కింద పాడతారు. కొందరు పిల్లలు ఆ తేడాను చెవితోనే దాటి తమ స్థాయిలో అందుకుంటారు. మరికొందరు టీచరు గొంతునే అనుకరించబోయి గొంతు బరువుగా దించేస్తారు. అలాంటప్పుడు ఎత్తుగడను కీబోర్డు మీదో ఫ్లూటు మీదో వినిపించండి, లేదా శ్రుతి నిలిచిన ఒక పిల్లతో పాడించండి.

“గట్టిగా!” అనే మాట కూడా మానేయండి. గట్టిగా అనగానే పిల్లలు అరుస్తారు, అరిస్తే శ్రుతి పోతుంది, గొంతు రాపిడి పడుతుంది. “మాటలు ఇంకా స్పష్టంగా వినిపించాలి” అనండి. అదే పిల్లలు, అదే పాట, కానీ వినిపించేది వేరుగా ఉంటుంది.

లయను ముందు ఒంట్లోకి ఎక్కించండి

స్వరాల కన్నా ముందు లయ. ‘ఇది లయ’ అని వివరించడం వల్ల ఎవరికీ లయ రాదు. అందరినీ తొడల మీద మెల్లగా తట్టమనండి, మీరు పాడండి, వాళ్లు తడుతూ ఉండాలి. అంతే మొదలు.

నడకను మరీ నెమ్మదిగా పెట్టకండి. నిమిషానికి 60 దెబ్బలు మనకు సులువు, పిల్లలకు కాదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ ఎక్కువైతే వాళ్లు ఆగలేక ముందుకు తోసుకుపోతారు. 100 నుంచి 120 మధ్య పెడితే వాళ్ల నడకకు దగ్గరగా ఉంటుంది. నెమ్మది లయ తర్వాతి సంవత్సరాల్లో వస్తుంది.

తర్వాత నడిపించండి. డప్పో డబ్బానో మోగిస్తూ ఉండండి, దెబ్బకో అడుగు. మోత ఆగగానే ఎక్కడివాళ్లక్కడ బొమ్మల్లా నిలబడాలి. వేగం మారిస్తే నడకా మారాలి. స్విట్జర్లాండ్‌లో ఎమిల్ జాక్-దాల్‌క్రోజ్ (1865–1950) జెనీవా సంగీత విద్యాలయంలో పాఠం చెబుతూ, వాయించడం వచ్చిన విద్యార్థులకు కూడా లయ నిలవడం లేదని గమనించి, సంగీతాన్ని ఒంటి కదలికతో నేర్పే పద్ధతి కట్టాడు. పెద్ద విద్యార్థులకే అది అవసరమైంది, పిల్లల సంగతి చెప్పాలా? బెంచీలు జరపడానికి చోటు లేకపోతే ఉన్నచోటే నిలబడి అడుగులు వేయించండి, పని జరుగుతుంది.

ఇక లయలో అసలు రుచి మాటల్లో ఉంది. మన భాషలో లఘువు, గురువు పుట్టుకతోనే ఉన్నాయి. వేరే గుర్తులు, వింత అక్షరాలు వెతుక్కోనక్కర్లేదు. నేను వాడే నాలుగు మాటలు ఇవి: గుర్రం, ఏనుగు, కమలం, చిలకలు. నాలుగూ నాలుగేసి మాత్రలే. కానీ నాలుగూ నాలుగు రకాలుగా నడుస్తాయి.

రెండు మాత్రలకో దెబ్బ చొప్పున తొడ మీద తడుతూ చెప్పి చూడండి. ‘గుర్–రం’లో దెబ్బకో అక్షరం, రెండూ గురువులే. ‘ఏ–నుగు’లో మొదటి దెబ్బ మీద ‘ఏ’ సాగుతుంది, రెండో దెబ్బలో ‘నుగు’ రెండూ గబగబా వస్తాయి. ‘కమ–లం’ దీనికి సరిగ్గా తిరగేసినట్టు. ‘చిల–కలు’ దెబ్బకు రెండేసి, నాలుగూ లఘువులే. పిల్లలకు ఈ పేర్లేవీ చెప్పకండి. నాలుగు బొమ్మలు గీసి గోడకు అతికించి, మీరు వేలితో చూపించిన క్రమంలో వాళ్లు పలకాలి. గుర్రం గుర్రం ఏనుగు గుర్రం. రెండో రౌండులో పలుకుతూ చప్పట్లు. మూడో రౌండులో నోరు మూసుకుని చప్పట్లు మాత్రమే. ఆ మూడో రౌండులో నోటి మాట లేకుండా చేతులు ‘ఏనుగు’ అంటుంటే పిల్లల కళ్లు మెరవడం మీకే కనిపిస్తుంది.

ఇంకో వారం అయ్యాక బొమ్మలను వాళ్లనే పేర్చమనండి. ఒక బొమ్మ స్థానంలో ఖాళీ కాగితం పెట్టండి. అక్కడ మౌనం, కానీ లోపల దెబ్బలు నడుస్తూనే ఉండాలి. మౌనాన్ని సరిగ్గా లెక్కపెట్టి మళ్లీ ఒక్కసారిగా అందుకోవడం చిన్న విషయం కాదు. దానికి రెండు మూడు పీరియడ్లు పట్టినా తొందరపడకండి.

తరగతిని రెండుగా చేసి, సగం మంది సమంగా లయ తడుతూ ఉంటే మిగతా సగం పాట మాటల నడకను చప్పట్లు కొట్టేలా చేయండి. తర్వాత పాత్రలు మార్చండి. పాట మారినా మారకుండా నడిచేదేమిటో, మాటతో పాటు మారేదేమిటో వాళ్లకు చేతుల్లోనే తెలిసిపోతుంది.

పాటను చెవితో నేర్పండి

పాట ఎంచుకునేటప్పుడు మూడు చూడండి. ఐదారు స్వరాల్లోనే తిరగాలి, చరణాలు పొట్టిగా ఉండాలి, మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి ఉండాలి. ఒక్కో అక్షరానికి ఒక్కో స్వరం ఉంటే ఇంకా మంచిది, గమకాలు (స్వరాన్ని ఊపుతూ పాడటం) తర్వాత చూసుకోవచ్చు. పిల్లలు సినిమా పాటలు అడుగుతారు, కాదనకండి. కానీ అవి పెద్దల గొంతుకు కట్టినవి, చాలావాటిలో చరణం పిల్లలు అందుకోలేనంత పైకి పోతుంది. పల్లవి ఒక్కటి తీసుకుని వాళ్ల శ్రుతిలో పాడించండి.

నేర్పే వరస ఇది.

1. పాట మొత్తం మీరు ఒకసారి పాడండి. ముందే ఒక ప్రశ్న వేయండి: “ఇందులో ‘వాన’ అనే మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టండి.” ప్రశ్న ఉంటేనే చెవి పనిచేస్తుంది.

2. రెండోసారి వేరే ప్రశ్న. మూడోసారి మీరు పాడుతుంటే వాళ్లు లయ తట్టాలి. ఈపాటికి సగం మంది లోలోపల పాడుకుంటూ ఉంటారు.

3. ఇప్పుడు ఒక్కో పాదం. మీరు పాడండి, వాళ్లు తిరిగి పాడాలి. మధ్యలో లయ ఆగకూడదు. “బాగుంది, మళ్లీ” అనే మాటలు కూడా పాట అయ్యాకే.

4. రెండేసి పాదాలు కలపండి. ఎక్కడ తడబడితే ఆ ముక్క ఒక్కటే తీసుకోండి. మొదటి నుంచి మళ్లీ పాడిస్తే వచ్చిందే మళ్లీ వస్తుంది, రానిది అలాగే ఉండిపోతుంది.

5. మీరు పాడటం ఆపేయండి.

ఈ ఐదో మెట్టు మీదే చాలామంది జారిపోతారు. టీచరు చివరిదాకా కలిసి పాడుతూనే ఉంటే పిల్లలు ఆ గొంతుకు ఆనుకుని నడుస్తారు, తీసేస్తే పడిపోతారు. పైగా మీరు పాడుతున్నంతసేపూ వాళ్లు ఏం పాడుతున్నారో మీకు వినిపించదు.

పాటను మొదటిరోజే బోర్డు మీద రాయకండి. రాయగానే కళ్లు బోర్డుకు అతుక్కుపోతాయి, చెవులు మూసుకుంటాయి. చదవడం ఇంకా రాని పిల్లలు వెనకబడతారు. పాట నోటికి వచ్చాక రాసి చూపిస్తే అదే చదవడానికి కూడా సాయం అవుతుంది. మొదటిరోజు ఎంత వచ్చినా అక్కడికి ఆపి, మర్నాడు మళ్లీ అందుకోండి. రాత్రి నిద్రలో పాట కుదురుకుంటుందనేది నా అనుభవం.

గొంతు కలవని పిల్లవాడితో ఏం చేయాలి

నేను చెప్పడం మొదలుపెట్టిన ఏడాది రెండో తరగతిలో ఒక బాబు ఉండేవాడు. ఏ పాటైనా ఒకే స్వరం మీద, పాఠం అప్పజెప్పినట్టు పాడేవాడు. పక్కవాళ్లు అతని వంక చూసేవారు. నేను అతన్ని చివరి వరసలో కూర్చోబెట్టి ఆరు నెలలు ఊరుకున్నాను. అది నేను చేసిన తప్పు.

ఒకరోజు విరామంలో ఆ బాబు దూరంగా ఉన్న స్నేహితుణ్ణి పిలుస్తున్నాడు. “ఇటు... రా...” ‘ఇటు’ పైన, ‘రా’ కింద. ఆగి విన్నాను. రెండు స్వరాలూ నిక్కచ్చిగా ఉన్నాయి, పంచమం (‘ప’) నుంచి గాంధారానికి (‘గ’) దిగినంత దూరం. గొంతులో స్వరం లేకపోవడం కాదు, దాన్ని పాటలోకి తెచ్చుకునే దారి అతనికి తెలియలేదు. మర్నాడు క్లాసులో “నిన్న నీ ఫ్రెండును ఎలా పిలిచావో అలా నన్ను పిలువు” అన్నాను. పిలిచాడు. అతను పిలిచిన స్వరంలోనే నేను జవాబు పిలిచాను. అతను మళ్లీ పిలిచాడు. నాలుగైదు సార్లయ్యాక నా జవాబును కాస్త పైకి జరిపాను, అతనూ జరిగాడు. తల ఎత్తి నన్ను అలాగే చూస్తుండిపోయాడు. తన గొంతు ఇంకొకరి గొంతుతో కలిసినట్టు ఒంటికి తెలియడం అతనికి బహుశా అదే మొదటిసారి.

పద్ధతి ఇంతే. పిల్లవాడు మీ స్వరం దగ్గరకు రాలేకపోతే మీరే అతని స్వరం దగ్గరకు వెళ్లండి, అక్కడి నుంచి చేయి పట్టుకుని నడిపించినట్టు ఒక్కో మెట్టూ ఎక్కించండి. మాట్లాడే గొంతు నుంచి పాడే గొంతులోకి రావడానికి ఆటలు సాయం చేస్తాయి: అంబులెన్స్ సైరన్‌లా కింది నుంచి పైకి జారడం, పిల్లికూనలా సన్నగా అరవడం, గాలిపటం ఎగిరినట్టు చేయి పైకి పోతుంటే గొంతూ పైకి పోవడం. ఆ పిల్లవాణ్ణి వెనక కాదు, శ్రుతి నిలిచిన ఇద్దరి మధ్య కూర్చోబెట్టండి. ఒంటరిగా నిలబెట్టి సరిదిద్దకండి. నెలలు పట్టవచ్చు. ఎంతకీ మాటలకు కూడా సరిగా స్పందించకపోతే వినికిడి పరీక్ష చేయించమని ఇంట్లోవాళ్లకు నెమ్మదిగా చెప్పండి.

స్వరాలు ఏ వరసలో

దూరం నుంచి పిలిచే పిలుపులోని ఆ రెండు స్వరాలతోనే మొదలుపెట్టమని హంగేరీ సంగీతకర్త జోల్తాన్ కొదాయ్ (1882–1967) పేరుతో నడిచే పద్ధతి చెబుతుంది. ప, గ. వాటితో హాజరు పిలవండి. మీరు పేరును పాడితే పిల్లలు “వచ్చా–నండి” అని అవే స్వరాల్లో పాడతారు. ఒక్కో పిల్లవాడి గొంతూ మీకు రోజూ విడిగా వినిపిస్తుంది, అది పరీక్షని వాళ్లకు తెలియదు కూడా. తర్వాత ధ, ఆ తర్వాత స, రి చేర్చండి.

స రి గ ప ధ. ఇది మోహన రాగం. కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలు మాయామాళవగౌళ అనే రాగంలో ఉంటాయి, పురందరదాసు వేసిన బాట అని చెబుతారు. గురువు ఎదుట ఒకరిద్దరు కూర్చుని నేర్చుకునేటప్పుడు అది గట్టి పునాది. కానీ నలభై మంది ఆరేళ్ల పిల్లలు ఒకేసారి పాడేచోట ఆ స–రి, ప–ధ మధ్య ఉన్న ఇరుకైన సందులు నిలబెట్టడం కష్టం. మోహనంలో అలాంటి ఇరుకు ఎక్కడా లేదు. అందుకే ఏ రెండు స్వరాలు కలిసి మోగినా చెవికి గుచ్చుకోదు. సామూహికంగా నేర్పేటప్పుడు నేను మోహనాన్నే ముందు పెడతాను.

స్వరానికో ఎత్తు చూపించండి: నడుము దగ్గర స, భుజం దగ్గర ప. ఇంగ్లండ్‌లో జాన్ కర్వెన్ 19వ శతాబ్దంలో ఒక్కో స్వరానికి ఒక్కో చేతి గుర్తు పెట్టాడు, కొదాయ్ పద్ధతిలో వాడేవి వాటి నుంచి వచ్చినవే. ఆ గుర్తులే కావాలని లేదు, చేయి ఎత్తు రోజూ ఒకేలా ఉంటే చాలు. స్వరాలు రాయడం, చదవడం మూడో తరగతి దాకా ఆగవచ్చు.

తొమ్మిది, పదేళ్ల పిల్లలతో ఇంకో అడుగు వేయండి. సగం మంది షడ్జమం పట్టి ఉంచితే మిగతావాళ్లు పాట పాడాలి. అది నిలిచాక ఒక గుంపు మొదలుపెట్టిన పాదం తర్వాత రెండో గుంపు అందుకునేలా పాడించండి.

వాయిద్యాలు

మొదటి వాయిద్యం ఒళ్లే: చిటికె, చప్పట్లు, తొడ, పాదం. తర్వాత కర్రముక్కల జతలు, గింజలు పోసి మూత బిగించిన డబ్బాలు. జర్మనీలో కార్ల్ ఓర్ఫ్ (1895–1982), గునిల్డ్ కీట్‌మన్ కలిసి పిల్లల కోసం కట్టిన పద్ధతిలో పలకలు ఊడదీయగలిగే జైలోఫోన్లు (పుల్లలతో పలకలను కొట్టి వాయించేవి) ఉంటాయి. అలాంటిది మీ స్కూల్లో ఉంటే ‘ఎఫ్’, ‘బి’ పలకలు తీసేయండి. ‘సి’ షడ్జమంగా మోహనం మిగులుతుంది, ఎక్కడ కొట్టినా తప్పు పలకదు. వేళ్లతో రంధ్రాలు మూసి ఊదే రికార్డర్ లాంటి వేణువులు ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చాకే.

వాయిద్యాలు పంచేముందే ఆగే సంకేతం నేర్పండి. మీరు చేయి ఎత్తితే అన్నీ ఒడిలోకి వెళ్లాలి. ఒకేసారి అందరికీ ఇవ్వకండి. ఎనిమిది మందికి ఇచ్చి, మిగతావాళ్లు గాలిలో అదే వరస వాయించాలి, రెండు నిమిషాలకోసారి చేతులు మారాలి. పెద్ద శబ్దానికి బెదిరే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. వాళ్లకు ముందే చెప్పి దూరంగా కూర్చోనివ్వండి. వినికిడి తక్కువున్న పిల్లలు డప్పు అంచు మీద అరచేయి పెడితే ఆ అదురు లయగా అందుతుంది.

కొత్తగా కట్టనివ్వండి

నేర్చుకున్నది ఒప్పజెప్పడం ఒక్కటే సంగీతం కాదు. మీరు మోహనంలో చిన్న ప్రశ్న పాడి పంచమం మీద ఆపండి: “ఎక్కడికి వెళ్లావు?” పిల్ల తనకు తోచిన స్వరాల్లో జవాబు పాడి షడ్జమం మీద దిగాలి. ఏం పాడినా తప్పు కాదు. నోరు విప్పని పిల్లలను బలవంతం చేయకండి, వాళ్ల వంతు వచ్చినప్పుడు జంటగా పాడనివ్వండి. వినడానికి పెట్టే సంగీతం రెండు నిమిషాలకు మించకూడదు. అదే ముక్కను మూడు రోజులు, రోజుకో ప్రశ్నతో వినిపించడం మేలు.

సమయం, రికార్డు, కార్యక్రమం

వారానికి ఒక గంట కన్నా రోజూ పది నిమిషాలు ఎంతో నయం. లెక్కల పీరియడ్‌కూ తెలుగు పీరియడ్‌కూ మధ్య ఒక పాట, ఒక ఏనుగు–గుర్రం ఆట సరిపోతుంది. గోల ఎక్కువైతే కేకలు వేయకండి, ఒక వరస చప్పట్లు కొట్టండి, వాళ్లు తిరిగి కొడతారు. రెండు మూడు వరసలకు గది సద్దుమణుగుతుంది.

మార్కులు వద్దు. ఒక నోట్‌బుక్‌లో పీరియడ్‌కు నలుగురి గురించి మూడు సంగతులు రాయండి: లయ నిలుస్తోందా, విన్న ముక్కను తిరిగి పాడుతున్నారా, శ్రుతిలో ఉన్నారా. పది పీరియడ్లలో నలభై మంది పూర్తవుతారు, మళ్లీ మొదటి పేరు నుంచి.

స్కూల్లో కార్యక్రమం ఉందంటే సంవత్సరం పాఠమంతా దానికే పోతుంది, అలా జరగనివ్వకండి. తరగతికి బాగా వచ్చిన పాటల్లోంచే రెండు ఎంచుకోండి. తరగతి మొత్తం వేదిక ఎక్కాలి. ఒంటరిగా పాడే పాదాలు ఉంటే నలుగురైదుగురికి పంచండి, ప్రతిసారీ అదే పిల్లకు ఇవ్వకండి. మైకు ఒక్కరి నోటి దగ్గర కాదు, గుంపుకు ఎదురుగా కాస్త దూరంలో ఉండాలి. పాటకు ముందు ‘డి’ మెల్లగా వినిపించండి, ఊపిరి తీసుకోమని చేత్తో సైగ చేయండి, పాట వేగంలోనే రెండు దెబ్బలు లెక్కపెట్టి చేయి దించండి. చేయి దించాక మీరు పాడకండి, వినండి.